ఫర్మానాలో వచ్చిన ‘మేము’

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కగానే గద్వాల వాళ్ల చేతులు వాటంతటవే జేబుల్లోకి పోతాయి. కృష్ణమ్మకు ఒక రూపాయి, ఒడ్డునున్న ఆంజనేయస్వామికి ఒక దండం. నేను ఎన్నిసార్లు అలా రూపాయి వేశానో లెక్కలేదు. ఈ నది ఒకప్పుడు రెండు జిల్లాల మధ్య సరిహద్దని మాత్రం ముప్పై ఏళ్లు దాటేదాకా నాకు తెలియదు. 1956 దాకా గద్వాల, ఆలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉండేవి. అవతలి ఒడ్డున వనపర్తి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఇరుక్కున్న మా నేలకు నడిగడ్డ అని పేరు. పేరు మారలేదు గానీ, మమ్మల్ని ఏలే చిరునామా మారుతూనే వచ్చింది.

నేను ఈ సంగతుల్లో తలదూర్చడానికి కారణం మా పెద్దమ్మ కూతురు. అక్క డాలస్‌లో ఉంటుంది. నాలుగేళ్ల కిందట అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకుంటూ నాకు ఫోన్ చేసేది. అప్పట్లో మొత్తం వంద ప్రశ్నలు ఉండేవి. అందులోంచి ఆఫీసరు పది దాకా అడిగేవాడు, ఆరు చెప్తే పాసయ్యేవాళ్లు. నేను ప్రశ్నలు చదవాలి, తను జవాబులు చెప్పాలి. ఒకరోజు, రాజ్యాంగంలో మొదటి మూడు మాటలేవి అనే ప్రశ్న వచ్చింది.

“వుయ్ ద పీపుల్,” అంది. కాసేపు ఆగి, “మనదాంట్ల గూడ ఇట్లనే ఉంటది గద తమ్మీ? మరి మన దిక్కునుంచి ఎవరు పొయ్యి రాసిండ్రు?” అంది.

దుర్గాబాయి, పట్టాభి, రంగా అని గడగడా చెప్పేశాను. “వాళ్లంత మద్రాసు దిక్కోళ్లు గదరా. మనోళ్లు?” అంది అక్క. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికితే తేలింది: ఎవరూ లేరు. 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించిన సభలో హైదరాబాద్ రాష్ట్రం తరఫున ఒక్క ప్రతినిధి కూడా లేడు. దానికి మూడు రోజుల ముందు, నవంబర్ 23న, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక ఫర్మానా జారీ చేశాడు: భారత రాజ్యాంగమే ఇకనుంచి హైదరాబాద్‌కు రాజ్యాంగం అని. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. పాలన మిలిటరీ గవర్నర్ చౌధురి చేతిలో ఉంది. ‘భారత ప్రజలమైన మేము’ అనే మాట మా నడిగడ్డకు రాజుగారి ఆజ్ఞగా వచ్చింది. ప్రజలు ప్రభువులని ప్రభువే సెలవిచ్చాడన్నమాట!

చదివినప్పుడు నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం గుచ్చుకుంది కూడా.

హైదరాబాద్‌లో ఇది కొత్త పద్ధతేమీ కాదు. అక్క పుస్తకంలో ఇంకో ప్రశ్న ఉంది, ప్రభుత్వంలో ఒక విభాగం మరీ బలవంతం కాకుండా ఏది ఆపుతుంది అని. అధికార విభజన అని జవాబు. శాసనం చేసేవాడు, అమలు చేసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒక్కడే అయితే నిరంకుశత్వానికి వేరే నిర్వచనం అక్కర్లేదని మాడిసన్ వాదించాడు. విచిత్రం చూడండి, న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేసే పని నిజాం 1921లోనే చేశాడు. బ్రిటిష్ ఇండియాలో అప్పటికి దాన్ని కోరుతూ తీర్మానాలు చేస్తున్నారు. మనవాళ్లు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ విభజన కూడా ఫర్మానాయే. ఇచ్చిన చేయి వెనక్కి తీసుకుంటే అడిగే దిక్కు లేదు. అదే ప్రభుత్వం గస్తీ నిశాన్ 53 పెట్టి, అనుమతి లేకుండా సభ జరపకూడదంది. అమెరికావాళ్లు 1791లో తొలి సవరణలోనే రాసుకున్న సమావేశమయ్యే హక్కు, మన షాద్‌నగర్‌లో 1936లో ఐదో ఆంధ్ర మహాసభ పెట్టుకున్న రోజుల్లో సర్కారు దయ మీద ఆధారపడి ఉండేది.

అట్లని అమెరికావాళ్ల ‘మేము’ నిజమైనది, మనది అరువు తెచ్చుకున్నది అని తేల్చేయడానికి నాకు మనసొప్పదు. 1787లో ఫిలడెల్ఫియాలో తొలి చిత్తుప్రతిలో ఆ మూడు మాటల వెనక రాష్ట్రాల పేర్లు వరసగా ఉండేవి. ఏ రాష్ట్రం ఒప్పుకుంటుందో, ఏది ఒప్పుకోదో తెలియదు కాబట్టి చివర్లో పేర్లు తీసేసి ‘సంయుక్త రాష్ట్రాల ప్రజలం’ అన్నారు. ఇంత గొప్ప మాటలో అంత గుమాస్తా పని కూడా ఉంది. సంతకాలు చేసినవాళ్లు 39 మంది. తర్వాత ప్రతి రాష్ట్రంలో సభలు పెట్టి అంగీకారం అడిగారు, తొమ్మిది ఒప్పుకుంటే చాలన్నారు. అడిగారు, అదే పెద్ద సంగతి. ఎవర్ని అడిగారంటే మాత్రం ఆడవాళ్లు లేరు, బానిసలు లేరు. ప్రతినిధుల సీట్లు లెక్కగట్టడానికి మాత్రం ఐదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కేశారు. ఆడవాళ్లకు దేశమంతటా ఓటు 1920లో వచ్చింది. దక్షిణాది నల్లవాళ్లకు ఓటు చేతికందడానికి 1965 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

మా దగ్గర ఉల్టా. అంగీకారం ఎవరూ అడగలేదు. కానీ 1952 ఎన్నికల్లో 21 ఏళ్లు నిండిన ప్రతి మనిషికీ ఒకేసారి ఓటు వచ్చింది. పుట్టి నడిపేవాడికీ, వాడి భార్యకూ, వాళ్ల భూస్వామికీ తలా ఒకటే. గద్వాల, వనపర్తి సంస్థానాలు జాగీర్ల రద్దుతో 1949లోనే పోయాయి. వనపర్తి రాజా రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ నుంచి ఓట్లడిగి లోక్‌సభకు వెళ్లాడు. ఫర్మానా ఇచ్చిన నిజాం కూడా 1950 నుంచి అదే రాజ్యాంగం కింద రాజప్రముఖ్‌గా ఉద్యోగం చేశాడు! గద్వాల కోటలో ఇప్పుడు డిగ్రీ కాలేజీ, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. రాజులు పోయారని నాకు నమ్మకం కలిగించింది పాఠ్యపుస్తకం కాదు, కోటలో హాజరు కోసం పరుగెత్తే పిల్లలు.

నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని చీల్చి ఇంకోటి చేయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి. (1863లో వర్జీనియాను చీల్చి వెస్ట్ వర్జీనియా చేసినప్పుడు, కేంద్రానికి అనుకూలమైన ఒక ‘వర్జీనియా ప్రభుత్వం’తో ఒప్పుకోలు రాయించుకున్నారు. వేషమైనా సరే, వేయక తప్పలేదు.) మన మూడో అధికరణం ప్రకారం అభిప్రాయం అడిగితే చాలు. వినాలనేం లేదు. 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక ఏర్పడే శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలంది. మరుసటి ఏడాదే కలిపేశారు. ఆ చట్టంలోనే మా రెండు తాలూకాలూ నదికి ఇవతలే ఉంటూ మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. నేను తెలంగాణ కావాలని తిరిగినవాణ్ణి, ఆ రాత్రి గద్వాల వీధుల్లో అరిచినవాణ్ణి. మా అక్క చదివే రాజ్యాంగం మనకుంటే 1956 విలీనం అంత సులువు కాదు, 2014 అసలు జరగదు. ఇష్టంలేని కలయికనూ, కోరుకున్న విడుదలనూ ఇచ్చింది ఒకే అధికరణం. దాన్ని తిట్టడానికి నోరు రాదు, మెచ్చుకోవడానికీ రాదు.

2016లో కొత్త జిల్లాల తొలి జాబితాలో గద్వాల లేదు. జనం రోడ్లెక్కాక చేర్చారు. అలా బీచుపల్లి దగ్గర నది మళ్లీ జిల్లా సరిహద్దయింది. ఇవతల జోగులాంబ గద్వాల, అవతల వనపర్తి. ఈసారి మాత్రం కనీసం అరిచి అడిగాం.

అక్క పరీక్ష పాసైంది. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. మొదటి మూడు మాటలు ఆఫీసరు అడగనే లేదట.