పంటి అరుగుదల: పుట్టుపూర్వోత్తరాలు

శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం పంటిని కప్పి ఉండే ఎనామిల్. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. చర్మం తెగితే పూడుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్ మాత్రం అరిగితే తిరిగి రాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటపడేసరికే నశించిపోతాయి. లోపలి డెంటిన్ అంతకంటే మెత్తన కనుక, పైపొర పోయాక అరుగుదల వేగం పెరుగుతుంది. పన్ను అరగడానికి కారణాలు మూడు: పన్నూ పన్నూ రాసుకోవడం, తిండిలోని గరుకు, నోటిలోకి చేరే ఆమ్లం.

సొరచేపలకు, మొసళ్ళకు అరుగుదల పెద్ద బాధ కాదు. పాత పన్ను ఊడితే కొత్తది వస్తూనే ఉంటుంది. క్షీరదాల వంశంలో ఈ వెసులుబాటు పోయింది. సుమారు 20 కోట్ల ఏళ్ళ కిందటి మోర్గనుకోడాన్ అనే చిన్న జీవి శిలాజాల్లో పాలపళ్ళు, వాటి తరువాత స్థిరమైన పళ్ళు కనిపిస్తాయి. పై దవడ పళ్ళు కింది పళ్ళతో జతకుదిరి రాసుకున్న చోట నునుపైన అరుగుడు ముఖాలూ ఉన్నాయి. పళ్ళు మాటిమాటికీ మారితే ఇంత కచ్చితమైన జత కుదరదు. అలా నమలడం చేతికొచ్చింది. బదులుగా రెండో విడత పళ్ళతోనే బతుకంతా నెట్టుకురావలసి వచ్చింది.

గడ్డి మైదానాలు విస్తరించాక ఈ సమస్య ముదిరింది. సుమారు 5.5 కోట్ల ఏళ్ళ కిందటి తొలి గుర్రాలు ఆకులు తినేవి. వాటి పళ్ళు పొట్టివి. సుమారు 1.5 కోట్ల ఏళ్ళ కిందటి మెరికిప్పస్ అనే గుర్రం నాటికి దవడ పళ్ళు బాగా పొడవయ్యాయి. ఈ మార్పుకూ గడ్డి మేతకూ ఉన్న సంబంధాన్ని 1870ల్లోనే రష్యా శాస్త్రవేత్త వ్లదిమీర్ కొవలేవ్‌స్కీ వివరించాడు. నేటి గుర్రం దవడ పన్ను ఏడాదికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు అరుగుతుంది. దవడలో దాగి ఉన్న పొడవైన భాగం అంతే మేర పైకి జరుగుతుంది. ఆ పంటిలో ఎనామిల్ మడతలు మడతలుగా లోపలికి దిగి ఉంటుంది. మడతల మధ్యనున్న మెత్తటి భాగం ముందు అరిగి, ఎనామిల్ అంచులు పైకి లేచి నిలుస్తాయి. తిరగలి రాయి నున్నబడితే మళ్ళీ గంట్లు కొట్టించాలి. గుర్రం పంటికి అరుగుదలే గంట్లు కొడుతుంది.

ఏనుగుది మరో దారి. ప్రతి దవడ పక్కనా జీవితకాలంలో ఆరు దవడ పళ్ళు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. వెనుక పుట్టినది ముందుకు జరుగుతూ, అరిగిన పాతదాన్ని బయటికి నెడుతుంది. ఆరోది అరిగిపోయేసరికి ఏనుగుకు ఇంచుమించు 60 ఏళ్ళు నిండుతాయి. ఆపై మేత నమలడం కష్టమవుతుంది. ఎలుక ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటికి ఎనామిల్ ముందువైపే ఉండడం వల్ల వెనుకభాగం త్వరగా అరిగి అంచు ఎప్పుడూ పదునుగా ఉంటుంది.

ఇంతకూ పంటిని అరగదీసేది గడ్డా, దుమ్మా? గడ్డిలోని సిలికా రేణువులు గొర్రెల పళ్ళను అరగదీస్తాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 1959లో ప్రకటించారు. ఆ రేణువులు ఎనామిల్ కంటే మెత్తనివని 2007లో వెలువడిన కొలతలు తేల్చాయి. దాంతో మేతకు అంటిన మట్టి, ఇసుకల మీదికి దృష్టి మళ్ళింది. ఈ చర్చ ఇంకా ముగియలేదు.

మనిషి పంటి మీద తిండితో పాటు పని కూడా గుర్తులు వేసింది. నియాండర్తాల్ మానవుల ముందు పళ్ళు విపరీతంగా అరిగి ఉంటాయి. మాంసాన్నో తోలునో పళ్ళతో బిగబట్టి, రాతి పనిముట్టుతో కోసినప్పుడు పడిన గీతలూ వాటిపై ఉన్నాయి. ఆ గీతల వాలును బట్టి వారిలో ఎక్కువమందిది కుడిచేతి వాటమని గుర్తించారు. ప్రాచీన ఈజిప్టులో ధనిక, పేద తేడా లేకుండా పళ్ళు అరిగాయి. సమాధుల్లో దొరికిన రొట్టెలను పరిశీలించిన ఫిల్స్ లీక్, వాటిలో ఇసుక, రాతి రేణువులు ఉన్నాయని 1972లో చూపాడు.

అరుగుదలతో వయసు అంచనా కట్టడం పాత విద్య. కోస్తా, రాయలసీమ ఊళ్ళలో బండలాగుడు పోటీలకు ఎడ్లను రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. సుమారు అయిదేళ్ళకు కింది ముందు పళ్ళు ఎనిమిదీ వచ్చేస్తాయి. అక్కడి నుంచి వయసు చెప్పేది అరుగుదలే. మనుషుల విషయంలో మైల్స్ అనే పరిశోధకుడు 1963లో ఇదే సూత్రాన్ని పద్ధతిగా మలిచాడు. మూడు దవడ పళ్ళు సుమారు 6, 12, 18 ఏళ్ళకు వస్తాయి కనుక, వాటి అరుగుదలలోని తేడాతో ఇంగ్లండ్‌లోని ఆంగ్లో-శాక్సన్ అస్థిపంజరాల వయసు లెక్కకట్టాడు.

కంటికి కనిపించని గీతలను చదవడం 1978లో ఊపందుకుంది. ఒకేచోట బతికే, హైరాక్స్ అనే చిన్న జంతువుల రెండు జాతుల్లో గడ్డి తినేదాన్నీ ఆకులు తినేదాన్నీ ఆలన్ వాకర్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పళ్ళను బట్టే వేరుచేసింది. ఈ పద్ధతి పాత నమ్మకాలనూ కదిలించింది. 1959లో తూర్పు ఆఫ్రికాలోని ఓల్డువాయిలో పరిశోధకురాలు మేరీ లీకీకి దొరికిన, పెద్ద దవడల పూర్వమానవుడికి గట్టి గింజలు పగలగొట్టేవాడని పేరుపడింది. ఆ జాతి పళ్ళ మీద గట్టి గింజలు కొరికితే పడే గుంటల జాడ లేదని 2008లో తేలింది. గడ్డి జాతి మొక్కలే దాని ప్రధాన ఆహారమని తరువాతి రసాయన పరీక్షలు సూచించాయి.

మెత్తటి పిండి, ఉడికిన తిండి వచ్చాక గరుకు వల్ల కలిగే అరుగుదల తగ్గింది, ఆమ్లం పాత్ర పెరిగింది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. శీతల పానీయాలు, పుల్లని పండ్లరసాలు, కడుపులోంచి ఎగదన్నే ఆమ్లం ఆ పని చేస్తాయి. మెత్తబడిన పొరను నిద్రలో పళ్ళు కొరకడం, గట్టిగా బ్రష్ చేయడం ఇంకా అరగదీస్తాయి. అయితే అరుగుదల ఉన్నంత మాత్రాన జబ్బు అనరు. స్మిత్, నైట్ అనే పరిశోధకులు 1984లో రూపొందించిన సూచిక, ఏ వయసుకు ఎంత అరుగుదల సహజమో చూసి, అది దాటినప్పుడే సమస్యగా లెక్కిస్తుంది. దంతవైద్యులు కారణం వెతికి చికిత్స మొదలుపెట్టవలసింది అప్పుడే.