అచ్చు జారిన బిళ్ళ

పసుపుగుడ్డలో ముడుపు కట్టేటప్పుడు రూపాయి బిళ్ళను తిరగేసి చూసేవాళ్లు ఎవరుంటారు? ఈసారి ఒకసారి చూడండి.

చూసే ముందు చంద్రగిరి దాకా పోయి రావాలి. అక్కడ కొంతకాలం రాజధాని పెట్టుకుని, 1614 వరకు ఏలిన విజయనగర రాజు రెండో వెంకటపతి రాయల వరహాల మీద ఒకవైపు నిలుచున్న వెంకటేశ్వరుడు, మరోవైపు నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’. నాలుగు గ్రాములు కూడా తూగని బంగారం. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ బిళ్ళ, ఆపైన సమ్మెట దెబ్బ. బిళ్ళ కంటే అచ్చు పెద్దదైతే అక్షరాలు అంచు దాటిపోతాయి. చెయ్యి జారితే స్వామి ఒక పక్కకు జరుగుతాడు. అప్పట్లో అదేం వింత కాదు. షరాబుకు కావలసింది తూకం, గీటురాయి మీద వన్నె. వంకర బొమ్మతో ఆయనకు పనిలేదు.

ఆ వంకరను వింతగా మార్చింది యంత్రం. హైదరాబాద్ టంకశాల 1903లో సైఫాబాద్‌లో వెలిసి, 1997లో చర్లపల్లికి మారింది. అలాంటి చోట బిళ్ళ చుట్టూ ఉక్కు కట్టు ఉంటుంది, జారడానికి చోటుండదు. అయినా ఒక్కోసారి ముద్ర పడ్డ నాణెం అచ్చుకే అతుక్కుపోతుంది. అప్పుడు తరువాతి బిళ్ళకు రెండు వైపులా సింహాలే: ఒకవైపు పొంగి, మరోవైపు గుంటపడి, అద్దంలో చూసినట్టు తిరగబడి. బిళ్ళలు కోసే రేకు సరిగా జరగకపోతే కోత పాత రంధ్రం మీద పడి, నెలవంకలా కొరికిన బిళ్ళ వస్తుంది. ఆ కొరుకుడుకు సరిగ్గా ఎదుటి అంచు కూడా పలచబడిందేమో చూడాలి. చాలాసార్లు అదే టంకశాల తప్పుకు ఆనవాలు. ఎదుటి అంచు నిక్కచ్చిగా ఉంటే ఎవరో ఆకురాయి పట్టారని అనుమానించాలి. ఇంకోటి: బొమ్మను నిటారుగా పట్టుకుని పుస్తకం పేజీలా తిప్పండి. బొరుసు కూడా నిటారుగా రావాలి. ఒరిగితే అచ్చు తిరిగినట్టు.

నాణెం మీది సంవత్సరం అంకెల కింద నక్షత్రం కనబడితే మాత్రం ఎగిరి గంతెయ్యకండి, అది హైదరాబాద్ గుర్తు. వజ్రం ముంబైది, చుక్క నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. 1985 రూపాయి మీది ‘హెచ్’ బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలది. పాత నాణేలు కొంటామని ఆశపెట్టే మోసగాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

చిత్రమేమంటే, తప్పే లేని పది రూపాయల బిళ్ళను మన అంగళ్లలో వద్దన్నారు. కొన్నింటి మీద గీతలు పదట, కొన్నింటి మీద పదిహేనట, రూపాయి గుర్తు ఒకదానికి ఉందట, ఇంకోదానికి లేదట! పద్నాలుగు రకాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది. అంగడిలో చెల్లనిది కొండెక్కి హుండీలో పడుతుంది. అక్కడ వద్దనేవాళ్లు లేరు. హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో గీతలు లెక్కపెట్టరు, బిళ్ళలే లెక్కపెడతారు.