మందకుక్కలు, పిడుదులు, పెరటి మందులు: కర్నూలు, కడప సీమల్లో కుక్కల సంరక్షణ చరిత్ర

కర్నూలు, కడప జిల్లాల మెట్ట పల్లెల్లో కుక్క తరతరాలుగా పనిలో భాగస్వామి. పంట కోతలయ్యాక గొల్ల, కురుబ కాపరులు గొర్రెల మందలను ఊరూరా తోలుకుపోయి, రాత్రిళ్లు చేలలో మంద కట్టేవారు. పేడ, మూత్రంతో చేను సారవంతమయ్యేది, ప్రతిఫలంగా రైతు గింజలు కొలిచేవాడు. ఆ ఆరుబయట రాత్రుల్లో తోడేళ్ల నుంచి, చిరుతల నుంచి మందను కాచింది కుక్కలే. నల్లమలలో చెంచులకు అడవి తిరుగుళ్లలోనూ, వేటలోనూ కుక్క తోడుండేది. ఇంత అవసరమైన జంతువును పురుగు నుంచి, పుండు నుంచి కాపాడుకోవడానికి ఈ ప్రాంతం తన నేల మీద దొరికే వస్తువులతోనే ఒక వైద్యాన్ని రూపొందించుకుంది.

రాజుల కుక్కల గురించి గ్రంథాలున్నాయి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం వేటకుక్కలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. కాపరి కుక్కల వైద్యం మాత్రం పెద్దల నోటి నుంచి, చేతి నుంచి పిల్లలకు అందింది.

ఈ వైద్యానికి ప్రధాన శత్రువు పిడుదు. గోమారి అన్నా ఇదే. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు జీవితంలో మూడుసార్లు రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ కిందికి రాలి గోడ సందుల్లో, నేల పగుళ్లలో దాక్కుంటుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు ఆ సందుల్లోనే వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పుట్టిన పిల్లలు మళ్లీ కుక్క కోసం కాచుకుని ఉంటాయి. రాయిని మట్టితో పేర్చి కట్టిన గోడలు, పైన చవుడు పరిచిన మిద్దెలు ఉన్న సీమ ఇళ్లలో అలాంటి సందులకు కొదవ లేదు. వేడి వాతావరణం కావడంతో వీటి సంతతి ఏడాది పొడవునా పెరుగుతుంది.

నీటి కరువు వల్ల కుక్కకు స్నానం అరుదు. అందుకే పొడి పద్ధతులు ముందుకు వచ్చాయి. పొయ్యి బూడిదను వెంట్రుకల్లోకి రుద్ది దులిపేవారు. నీళ్లున్న రోజున కుంకుడు రసంతో ఒళ్లు రుద్దేవారు. 1860లలో తవ్వకం మొదలై, 1882లో ప్రభుత్వం చేతికి వచ్చిన కర్నూలు-కడప కాలువ వెంబడి ఊళ్లకు మాత్రం ఈ ఇబ్బంది కొంత తీరింది.

పిడుదులను చేత్తో ఏరి నిప్పుల్లో వేయడం మొదటి పని. తర్వాతి పని నూనెలది. ఆషాఢం ముందువెనకల రాలిన వేపపండ్ల గింజలను ఆరబెట్టి నూనె తీసేవారు. వాగుల ఒడ్డున పెరిగే కానుగ చెట్టు మరో నూనె ఇచ్చేది. ఈ రెండూ ఒంటికి పట్టించేవారు. పిడుదు కరిచిన చోట పుండైతే ఆముదంలో పసుపు కలిపి రాసేవారు. మైదుకూరు, టేకూరుపేట పేర్లతో పసుపు రకాలే ఉన్న కడప సీమలో అది ప్రతి ఇంటా ఉండేదే. గజ్జికి అంగడిలో కొన్న గంధకాన్ని నూరి కానుగ నూనెలో కలిపి పూసేవారు. కొండల్లో పెరిగే సీతాఫలం గింజలను నూరి పేలకు వాడేవారు. అది కంట్లో పడితే చూపుకే ముప్పు కనుక తలవైపు పూయకుండా జాగ్రత్తపడేవారు.

ఈ సంప్రదాయంలో విలువైన భాగం కుక్క ఒంటితోనే ఆగకుండా దాని చోటునూ శుభ్రపరచడం. కుక్క పడుకునే అరుగును పేడతో అలికేవారు. సున్నపురాయికి పేరున్న ఈ ప్రాంతంలో గోడల పగుళ్లు పూడ్చి సున్నం కొట్టేవారు. పాత గోనెలు కాల్చేసేవారు. పిడుదు బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద కాక సందుల్లోనే గడుస్తుందని తర్వాత విజ్ఞానశాస్త్రం తేల్చింది. పల్లె అలవాటు సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టింది.

20వ శతాబ్దంలో పరిశోధన ఈ రంగంలోకి వచ్చింది. మద్రాసులో 1903లో పశువైద్య కళాశాల మొదలైంది. 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసు హంట్ అనే వేట సంఘపు కుక్కల రక్తంలో ఒక కొత్త పరాన్నజీవిని వర్ణించాడు. నేడు దాన్ని బబేసియా గిబ్సోని అంటారు. పిడుదు ద్వారా సోకి, ఎర్ర రక్తకణాలను నాశనం చేసే జీవి ఇది. పిడుదు రక్తం తాగడంతో పాటు ప్రాణాంతకమైన జబ్బులనూ మోసుకొస్తుందని ఇలాంటి పరిశోధనలతో స్పష్టమైంది. 1955లో తిరుపతిలో పశువైద్య కళాశాల ఏర్పడి ఈ జిల్లాలకు దగ్గరలోనే చదువుకున్న వైద్యులు తయారయ్యారు. ఆ తర్వాతి కాలంలో కడప జిల్లా ప్రొద్దుటూరులోనూ మరో కళాశాల వెలిసింది.

ఇదే శతాబ్దంలో రసాయనాలూ వచ్చాయి. పల్లెల్లో గమాక్సిన్‌గా తెలిసిన బీహెచ్‌సీ పొడిని పంటలతో పాటు పశువుల మీదా చల్లారు. దాని విషం నేలలో, పాలలో నిలిచిపోతుందని తేలాక 1997లో దేశంలో నిషేధించారు. లారీలు, ట్రాక్టర్లు పెరిగాక గజ్జి కుక్కలకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం మరో చెడు అలవాటైంది.

పాత మందులన్నీ ఒకే విలువ గలవి కావు. వేపలోని అజాడిరక్టిన్‌ను 1968లో వేరుచేశారు. అది పురుగుల ఎదుగుదలను అడ్డుకుంటుందే తప్ప వెంటనే చంపదు. కనుక వేపనూనె తక్కువ పిడుదులున్నప్పుడు, పదేపదే వాడినప్పుడే కొంత పనిచేస్తుంది. గజ్జిపై గంధకానికి ఉన్న గుణాన్ని ఆధునిక వైద్యమూ ఒప్పుకుంది. పిడుదులకు, గజ్జికి పూసే పొగాకు కషాయం, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ మాత్రం కుక్క నాకితే విషమే. పశువుల పిడుదులకు చెప్పే వెల్లుల్లి మిశ్రమాలూ కుక్కలకు పనికిరావు, వెల్లుల్లి వాటి రక్తకణాలను దెబ్బతీస్తుంది.

అలకడం, సున్నం కొట్టడం, రోజూ ఒళ్లు తడిమి పిడుదులు ఏరడం నేటికీ నిలబెట్టుకోవలసిన అలవాట్లు. కుక్క తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా ఇంటి మందులతో కాలయాపన చేయకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.