ఆకలితో వచ్చినవారికి తీర్పు తీర్చకండి



1876-78లో మన ప్రాంతమంతా ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించారు. వారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. కూడు కోసం వచ్చారన్న నింద రాకూడదని, కరువు సహాయం ముగిసేవరకు ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

సహాయం ఆగింది. జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరు అంటరానివారని దూరం పెట్టిన మాదిగలు.

అయినా "బియ్యం క్రైస్తవులు" అన్న మాట పోలేదు. మేమూ నిర్దోషులం కాము. కొత్తగా మందిరానికి వచ్చినవారిని చూసి, దేనికోసం వచ్చారో అని మనసులో లెక్కలు వేసిన ఆదివారాలున్నాయి.

లూకా 15లో తప్పిపోయిన కుమారునికి తండ్రి ఇల్లు గుర్తొచ్చింది కూడా కరువులోనే, ఆకలితోనే. తండ్రి కారణం అడగలేదు, పరుగెత్తి కౌగిలించుకున్నాడు. లెక్కలడిగినవాడు పెద్దకొడుకు, గుమ్మం బయటే నిలిచిపోయాడు.

ప్రియులారా, ఆనాడు గుండ్లకమ్మ ఒడ్డున నిలిచినవారిలో మన ముత్తాతలూ ఉండవచ్చు. హృదయాలను పరిశోధించువాడు దేవుడే. తలుపు తీసిపెట్టడమే మన పని. ఆమేన్.