గోడ మాటున దాగిన చిత్రము

పాత ఇంటిని బాగుచేయుట అనగా దానికి క్రొత్త మెరుగు దిద్దుటే అని మనము తలంతుము. విక్టోరియా రాణి కాలమున, 1859లో, విలియం మోరిస్ కొరకు ఫిలిప్ వెబ్ రూపకల్పన చేసిన "రెడ్ హౌస్" లండను శివారైన బెక్స్‌లీహీత్‌లో గలదు. మోరిస్ 1865లో ఆ ఇల్లు విడిచెను. కాలక్రమమున గోడలపై చిత్రములు మరుగుపడెను. 2003లో నేషనల్ ట్రస్టు ఆ గృహమును స్వీకరించెను. 2013లో ఒక పడకగదిలో బీరువా వెనుక గోడమీది పొరలను ఓర్పుతో తొలగించగా ఆదాము హవ్వలు, ఓడను చేతబట్టిన నోవహు, రాహేలు, నిచ్చెనతో యాకోబు కనబడిరి! ఊహించి క్రొత్తగా కట్టుటకన్న ఉన్నదానిని కాపాడుటే మేలని 1877లో ప్రాచీన కట్టడముల రక్షణ సంఘమును స్థాపించిన మోరిస్ వాదించెను. మన పాత గుడులకు, మిషను బంగళాలకు సున్నము వేయించుటకు ముందు, పొరల క్రింద ఏమున్నదో మనమును చూచుకొందము.