నేర్పేవాడి గంటలు

కాలేజీ కుర్రాళ్లకు పని రాదని యజమానులు విసుక్కోవడం ఎక్కడైనా వినబడేదే. మహారాష్ట్రలోని నాందేడ్ గతం చూస్తే అసలు అడ్డంకి అది కాదనిపిస్తుంది. సన్నని మస్లిన్‌కు పేరుపడ్డ ఈ ఊరి నేతలో పని వచ్చి చేరినవాడెవడు? పద్మశాలి ఇంట పిల్లవాడు ముందు కండెలు చుట్టేవాడు, తరువాత తెగిన పోగు అతికేవాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టడం ఆ తరువాతి మాట. కండె లేనిదే నాడె ఆడదు గనుక, నేర్చుకుంటున్న రోజుల్లోనూ వాడి చేతికి విలువుండేది. నేర్చాక పనితనం ఇంట్లోనే మిగిలేది. అది కులం గోడ దాటని శిక్షణ, పైగా కూలి లేనిది అనవచ్చు. నిజమే, దాన్ని తిరిగి తెమ్మని ఎవరూ అడగరు. నేర్పినవాడికే ఫలం దక్కిందన్నది మాత్రం కాదనలేం.

నిజాం కాలంలో ఉస్మాన్‌షాహీ మిల్లు వచ్చాక నేత గడప దాటింది. బట్టల మిల్లుల్లో బదిలీ కార్మికుడంటే, హాజరుపట్టీలో పేరున్నవాడు రాని రోజున పిలుపు అందేవాడు. ఖాళీ కోసం కాచుకుంటూనే యంత్రం అలవాటు చేసుకునేవాడు. యజమానికి ఇది చవక బేరం. ఏడాది నిరంతర సర్వీసు నిండితే వాణ్ణి ఇక బదిలీగా లెక్కించరాదని పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పాల్సి వచ్చింది.

1961 అప్రెంటిస్ చట్టం పరిధిలోకి 1973లో ఇంజనీరింగ్ పట్టభద్రులు వచ్చారు. వాళ్లకు సాధారణంగా ఏడాది శిక్షణ. స్టయిపెండులో సగం కేంద్రానిది. నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ కాలేజీ 1981లో, స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయం 1994లో వెలిశాయి. 2023 నుంచి మహారాష్ట్రలో పీజీ మొదటి ఏట 4 క్రెడిట్ల పని శిక్షణో క్షేత్ర ప్రాజెక్టో తప్పనిసరైంది. క్రెడిట్‌కు 30 గంటల చొప్పున 120 గంటలు, అంటే పదిహేను పనిదినాలు. జిన్నింగు మిల్లు గుమాస్తా ఆ పదిహేను రోజుల్లో పత్తి రకాలు చూపించేలోగానే కుర్రాడు సర్టిఫికెట్ మీద సంతకం అడుగుతాడు. చట్టంతో యజమానుల మెడలు వంచవచ్చుగా అంటే, అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్న నిర్బంధం 30 మంది, అంతకు పైన ఉన్నచోటే. చిన్న దుకాణాలకు అది తగలదు. గడువు పెంచితే ఉచిత చాకిరీ అవుతుందన్న భయం న్యాయమైనదే. 2024లో రాష్ట్రం తెచ్చిన ముఖ్యమంత్రి యువ కార్య శిక్షణ పథకం మొదట ఆరు నెలల గడువు పెట్టి, పట్టభద్రుడి ఖాతాలో నెలకు 10,000 రూపాయలు వేసింది. కుర్రాడి గంటలకు అలా ఖరీదు దక్కింది. పక్కన నిలబడి నేర్పే గుమాస్తా గంటలు ఇంకా యజమాని ఖాతాలోనే పడుతున్నాయి.