చెరువు కొక నీలి, బావి కొక యెరుపు

హనుమకొండనుండి కరీంనగరమునకు బోవు బాటమీది హసన్‌పర్తిలోనేమి, ఓరుగల్లు కొత్తవాడలోనేమి, నేతను గూర్చి మాటలాడువారు మగ్గమును, పడుగుపేకలను వర్ణించి యూరకుందురు. మగ్గ మెక్కకమున్ను నూలు పడిన పాట్లను తలచువారు తక్కువ. నేత పద్మశాలీల వృత్తియైనను, రంగువేయుట పెక్కుచోట్ల రంగరేజుల పని; ఆ పని కాగులచుట్టును, నీటిచుట్టును, ఎండచుట్టును తిరుగునదగుటచే, ఒకే యింటివా రొకే పాళ్లతో వేసినను మాఘమాసపు టెరుపు శ్రావణమాసపు టెరుపుతో సరిపడెడిది కాదు. ఈ సరిపడమిని నేడు మనము లోపమందుము. ఆనాటి కొనుగోలుదారు దానిని లోపముగా నెంచలేదనియు, ఆతడు వెదకినది వేరొక గుణమనియు నా యభిప్రాయము.

ఈ సీమ బట్టకు బేరు వచ్చుట నిన్నమొన్నటి మాట కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున నభయశాసనము వేయించి సముద్రవర్తకులకు ధైర్యము చెప్పెను. ఆ శతాబ్ది చివర మార్కోపోలో యీ రాజ్యపు సన్ననేతను సాలెగూటితో బోల్చెను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వస్త్రభేదముల పేళ్లనే దీర్ఘమగు పట్టికగా గూర్చెను. అన్ని పేళ్లు పుట్టుటకు నేతలోని భేద మెంత కారణమో, రంగులోని భేదమును నంత కారణమై యుండవలెను.

నీలిని గూర్చి మొదట జెప్పవలెను, ఏలయన రంగులలో మిక్కిలి పేచీకోరు అదియే. నీలి నీటిలో కరుగదు. దానిని సున్నముతోను, బెల్లముతోనో, ఉడికించిన తగిరిస గింజలతోనో కలిపి, నేలలో పాతిన బానలో దినములకొలది పులియబెట్టిన గాని నూలు పట్టదు. బాన పక్వమైనదా లేదా యని పనివాడు పైన దేలిన నురుగును, లేచిన వాసనను బట్టి తెలిసికొనెడివాడు. కొందరు నాలుకకు రాచుకొని చూచెడివారు. ముంచి తీసిన చిలుప బయటికి వచ్చునప్పుడు పసుపుపచ్చగా నుండి, గాలి తగులగానే చూచుచుండగనే ఆకుపచ్చయై, పిదప నీలమగును. ఒక్క ముంపునకు లేతనీలి, పలు ముంపులకు మేఘవర్ణము. చలికాలమున పులుపు మందగించును, క్రొత్తబాన పొగరుగా నుండును, పాతబాన యలసిపోవును. ఇట్టి దానియొద్ద రెండు చిలుప లొక్క ఛాయనే పొందవలె నని శాసించుట యెవ్వరి తరము?

ఎరుపు దారి వేరు. కోస్తాలో చిరివేరు, దక్కనులో తొగరువేరు ప్రసిద్ధములు. నూలును కరక్కాయ కషాయమున నానబెట్టి, పటికనీట ముంచి, ఆరవేసి, వేళ్లతో మరగబెట్టుదురు. పటిక లేనిచో నెరుపు నిలువదు. నీటిలో సున్నపుపాలు లేనిచో నెరుపు వెలుగదు. సముద్రతీరమున గవ్వలు కలిసిన నేలలో బెరిగిన చిరివేరు శ్రేష్ఠమని పేరుపడుటకు రహస్య మిదియే; పదునేడవ శతాబ్దిలో పెద్దపల్లి రేవున, అనగా నేటి నిజాంపట్నమున, ఆంగ్లేయులు, డచ్చివారు కాచుకొని యుండినది ఆ యెరుపు కొఱకే. లోపలి సీమవాడు తన చెరువునీటికి, తన బావినీటికి తగిన యెరుపుతో తృప్తిపడవలసి వచ్చెడిది. ఒక బావి యెరుపు మోదుగుపూవువలె మండును, మరియొకదానిది చెంగావికి దిగును.

అట్లయిన కొనువాడు దేనిని పరీక్షించెడివాడు? ఛాయను గాదు, నిలుకడను. రంగు పక్కాయా, కచ్చాయా యనునదే ప్రశ్న. తడిగుడ్డతో రాచి, చాకిరేవున నొకమారు వేసి చూచెడివారు. చీరాలలో బుట్టి పుట్టపాకలో వేరూనిన తేలియా రుమాళ్ల నూలును ఆముదపు కాయల బూడిదనీటితోను, నూనెతోను దినములకొలది పదునుచేయుట యీ నిలుకడ కొఱకే. ఆ నూనెవాసన బట్టను విడువకుండుట సరకు మేలిమికి సాక్ష్యముగా జెల్లినది.

ఓరుగల్లు తివాచీల చరిత్రము దీనికి దీటైనది. 1851లో లండను మహాప్రదర్శనమునకు బోయిన వరంగల్లు పట్టుతివాచీ యొకదానియందు చదరపుటడుగునకు పండ్రెండువేల ముడు లుండెనని ఆంగ్ల గ్రంథకర్త బర్డువుడ్డు వ్రాసెను. చేతిరంగు తివాచీలను పరికించితిమేని, నేలరంగు నడుమ నొకచోట హఠాత్తుగా గొంచెము మారి యడ్డపట్టెవలె గానవచ్చును: అక్కడ నొక బాన ముగిసి వేరొక బాన మొదలైనదన్నమాట. నల్లనిగీతలు మాత్రము మిగిలినవానికన్న ముందు కృశించి గుంటలుపడును. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట నూరవేసి తీయు నలుపు నూలును లోలోపల దినివేయును.

1856లో పెర్కిను అను బాలుడు తారునుండి ఊదారంగు దీసెను. 1868లో జర్మనులు వేళ్లయెరుపును ప్రయోగశాలలో దీసి, పిదప దానిని, 1897 నాటికి నీలిని, కర్మాగారమున జేసి యమ్మ మొదలిడిరి. అంతట బానలకు బదులు డబ్బాలు వచ్చెను. 1934లో వరంగల్లున ఆజంజాహి మిల్లు వెలసినది. ఒకే ఛాయ యెన్నియో గజములు తేడాలేక వచ్చుట యప్పటికి జనమున కలవాటైనది. కంటికి గట్టిన ఈ సమానత్వమే క్రమముగా నాణ్యమునకు గుఱుతైనది. నిలుకడ రెండవ మాట యయ్యెను.

దూరదేశమున స్కాట్లండు గళ్లబట్టయగు టార్టనుకును నిదే గతి పట్టినది. 1746 చట్టము కొండవారి యుడుపును నిషేధించి 1782 దాక నుండెను. ఆ పిదప బానక్‌బర్న్ విల్సనులు 1819లో నమూనాల గ్రంథము గూర్చి, ఏ గడి కెన్ని పోగులో లెక్క గట్టిరి. పోగుల లెక్క నిలిచినను రంగు నిలువలేదు. ఒకే గడి నేడు నవీనమని గాఢముగాను, పురాతనమని లేతగాను, వానకెండకు సొలసినదని బూడిదవన్నెగాను అమ్ముడుపోవుచున్నది. హాస్యమేమనగా, ఆ పురాతనపు లేతవన్నె యిరువదవ శతాబ్దిలో బుట్టినది. నీలిని, లక్కపురుగువంటి పురుగునుండి వచ్చు కొచినీలును పుష్కలముగా వాడిన వెనుకటి స్కాట్లండు రంగరి తన క్రొత్తబట్ట యెంత మండుచుండెడిదో యెఱిగినవాడగుటచే దీనిని జూచిన నగును.

మనవారును దీనికి దూరముగా లేరు. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దొరకిన పిదప, పట్టణపు కొనుగోలుదారు "సహజమైన రంగు" కావలెనని యడిగినప్పుడు, వెలిసిన మట్టివన్నెలనే చూపుట యాచారమైనది. చెట్టురంగు పుట్టుకతోనే వెలిసి యుండు నను భ్రమ దీనికి మూలము. సందియము గలవారు పాతతివాచీ దొరకినప్పుడు పైమొగము చూచి తృప్తిపడక, పోగులను వ్రేలితో విడదీసి మొదళ్లను చూడవలెను. అక్కడ వెలుతురు సోకని నూలునందు బెడంగు చెడని యెరుపును, కొట్టవచ్చినట్లుండు నీలియు నింకను గలవు.